నాస్‌కి నిమిషాలు, రౌటర్‌కి గంటలు: ఇంటి సర్వర్ బ్యాకప్ డైరీ

ఊరు ఆకివీడు పక్కన, ఇంటి వెనకాలే బావ వాళ్ల రొయ్యల చెరువులు. ఇంట్లో నాలుగు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె) ఒకటి, ఎన్100 ప్రాసెసర్ మినీ పీసీ ఒకటి, ఫైబర్ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే పెట్టె), వైఫై రౌటర్, ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్, గట్టు మీద కెమెరాలకి లింక్ ఇచ్చే వైర్‌లెస్ బ్రిడ్జ్ ఉన్నాయి. నాస్‌లో ఇంటిల్లిపాది ఫొటోలు, పొలం కాయితాల స్కాన్లు, కెమెరా రికార్డింగులు. మినీ పీసీకి ఇంకో పని ఉంది, చెరువు దగ్గర కరెంటు పోగానే బావ ఫోన్‌కి అలారం కొట్టాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే యూపీఎస్ (కరెంటు పోగానే బ్యాటరీ మీదకి మార్చే పెట్టె) కొనేటప్పుడు అందరూ "ఎంతసేపు వస్తుందండీ" అని ఒక్కటే అడుగుతారు, మా గోదావరి డెల్టాలో ఆ ప్రశ్న ఒక్కటీ సరిపోదు. ఏ పెట్టె ఎంతసేపు బతకాలి, మిగతాది ఎవరు చెప్తే ఆగాలి, ఆగింది మళ్లీ ఎలా లేవాలి, ఈ మూడూ తేలాకే కొనాలి.

దశ 1: ఏ పెట్టె ఎంత తింటుంది (ఏప్రిల్)

వాట్లూ వోల్టేజీ రెండూ చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి తీసుకుని ఒక్కో అడాప్టర్నీ దానికి పెట్టి చూశా. అడాప్టర్ మీద రాసిన అంకెలు నమ్మి లెక్క వేస్తే అవసరానికి రెండింతల యూపీఎస్ కొంటారు, ఎందుకంటే అది ఆ అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం, మీ పెట్టె తినేది కాదు.

- ఓఎన్‌టీ: 6 వాట్లు
- రౌటర్: 8
- స్విచ్: 4
- బ్రిడ్జ్: 5
- మినీ పీసీ: ఖాళీగా ఉంటే 9, కెమెరాలు రికార్డు అవుతుంటే 16
- నాస్: ఖాళీగా 36, పనిలో 44, ఆన్ చేసిన మొదటి సెకన్లలో డిస్కులు తిరగడం మొదలెట్టినప్పుడు 88

ఆ 88 చూడకుండా వదిలేయొద్దు. డిస్కు తిరుగుతూ ఉండటానికి తినేది తక్కువే, ఆగి ఉన్నది తిరగడం మొదలెట్టేటప్పుడే ఎక్కువ లాగుతుంది.

కొలిచాక కాయితం మీద రెండు గుంపులు చేశా:
1. కరెంటు పోయినా బతకాల్సినవి: ఓఎన్‌టీ, రౌటర్, స్విచ్, బ్రిడ్జ్, మినీ పీసీ. మొత్తం 39 వాట్లు.
2. మర్యాదగా ఆగిపోవాల్సింది: నాస్. 44 వాట్లు.

కరెంటు పోయినప్పుడు నాస్ నడవాల్సిన పనే లేదు. రాస్తూ రాస్తూ ఉండగా ఠపీమని ఆరిపోకుండా ఉంటే చాలు. అలారం మాత్రం సరిగ్గా కరెంటు పోయాకే పని చెయ్యాలి. రెండింటికీ ఒకే పెద్ద యూపీఎస్ కొనకపోవడానికి కారణం ఇదే.

ఇప్పటిదాకా ఖర్చు: ప్లగ్గు రూ. 850.

దశ 2: లైన్లో ఏం జరుగుతోంది

అదే ప్లగ్గు వోల్టేజీని మినీ పీసీలో రికార్డు చేయిస్తే గ్రాఫ్ వచ్చింది. పగలు 228, సాయంత్రం దీపాల వేళకి 204, అర్ధరాత్రి దాటాక పడుతూ పడుతూ తెల్లవారుజామున 176 నుంచి 182 మధ్య, ఒక్కోసారి 171. కారణం చెరువులే. రాత్రి పూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి సూర్యుడు రాకముందు అన్నిటికన్నా అడుక్కి పోతుంది, దాంతో ఆ టైంకి చుట్టుపక్కల ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) అన్నీ తిరుగుతుంటాయి, మోటార్ల లోడు అంతా ఆ లైన్ల మీదే పడుతుంది.

ఇక్కడొక సంగతి. నాస్ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, అంటే 171కి దానికి ఏ బాధా లేదు. లో వోల్టేజీకి కంగారు పడేది యూపీఎస్, నాస్ కాదు. ఈ విషయం దశ 4లో మళ్లీ వస్తుంది.

హై వోల్టేజీ వేరే కథ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఊడితే ఒక్కో ఫేజు మీద ఉన్న లోడును బట్టి కొన్ని ఇళ్లకి 300 దాటి, ఒక్కోసారి 400 దగ్గరికి పోతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు వీధి వీధంతా ఒకేసారి పోయేది అప్పుడే. మామూలు యూపీఎస్ దానికి అడ్డం పడి తనే కాలిపోవచ్చు.

ప్లగ్గులో ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే 14 వోల్టులు చూపించింది, రెండు మూడుకి మించి ఉండకూడదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ దగ్గర విప్పి చూసి, "న్యూట్రల్ లూజండి, స్క్రూ కింద వైరు నల్లగా మాడిపోయిందండి, ఇంకొన్నాళ్లుంటే ఊడిపోయేదండి" అన్నాడు. వైరు కోసి కొత్తగా బిగించాక 2 వోల్టులకి వచ్చింది.

చేయించినవి వరసగా:
1. న్యూట్రల్ బిగింపు.
2. మెయిన్ తర్వాత డిన్ రైల్ (స్విచ్ గేర్ బిగించే ఇనప పట్టీ) మీద వోల్టేజ్ ప్రొటెక్టర్. 270 దాటితే కట్, మళ్లీ కలపడానికి 3 నిమిషాల ఆలస్యం.
3. కింది కటాఫ్ 140కి దించడం. కొత్తగా వచ్చినప్పుడు ఇది 170 మీద ఉంది, అలాగే వదిలేస్తే తెల్లవారుజామున ఇల్లంతా ఆరిపోవచ్చు.

ఒకటి మాత్రం చూసుకోండి, 140కి దించితే ఫ్రిజ్‌కి, బోరు మోటారుకి కాపలా పోయినట్టే, వాటికి విడిగా స్టెబిలైజర్ ఉండాలి. మాకు ఉంది.

ప్రొటెక్టర్, డబ్బా, కూలీ కలిపి రూ. 1,500. ఇప్పటిదాకా: రూ. 2,350.

దశ 3: ఉన్న ఇన్వర్టర్ సరిపోదా

ఫ్యాన్లకి ఇంట్లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో పట్టే నిల్వ) ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఎప్పటినుంచో ఉంది. నాన్న అడిగింది కూడా అదే, ఇంత పెద్ద బ్యాటరీ ఉండగా ఇంకోటి ఎందుకురా అని. న్యాయమైన ప్రశ్న, అందుకే ముందు దాంతోనే పరీక్ష పెట్టా.

మామూలు మోడ్‌లో పెట్టి మెయిన్ దించితే నాస్ రీస్టార్ట్ అయింది, రౌటర్ కూడా. ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి మారే ఆ కొద్ది మిల్లీసెకన్లు ఫ్యాన్‌కి తెలియవు గానీ సర్వర్‌కి తెలుస్తాయి. వెనకాల స్విచ్ యూపీఎస్ మోడ్‌కి తిప్పితే మార్పు వేగంగా జరిగి నాస్ నిలబడింది. కానీ ఆ మోడ్‌లో 180 లోపు పడితే కరెంటు పోయినట్టే లెక్క, అంచేత తెల్లవారుజామున లైన్లో కరెంటు ఉండగానే ఇల్లంతా బ్యాటరీ మీద నడిచింది.

పోనీ ఇన్వర్టర్ తర్వాత చిన్న యూపీఎస్ పెడదామంటే, మాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, లైన్ కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) కాకుండా చదరపు అల ఇచ్చేది. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన 600 వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె) యూపీఎస్ ఆ కరెంటుని కరెంటుగా ఒప్పుకోలేదు, రిలే టిక్కు టిక్కుమంటూ లైన్ మీదకీ బ్యాటరీ మీదకీ దూకుతూనే ఉంది, ఆపకపోతే దాని బ్యాటరీ కూడా అయిపోయేది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇన్వర్టర్‌కి చెప్పే నోరు లేదు. బ్యాటరీ అయిపోవస్తోందని నాస్‌కి తెలియజేసే దారే లేదు. ఐదు గంటలు మోసి ఆరో గంటలో చెప్పకుండా పడేస్తే ఆ ఐదు గంటల వల్ల డిస్కులకి ఒరిగేదేమీ లేదు.

ఖర్చు లేదు. మొత్తం అదే రూ. 2,350.

దశ 4: నాస్‌కి యూపీఎస్ (మే)

ఆ తెచ్చిన 600 వీఏ పెట్టెనే నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి అన్నీ దాని మీద నడిపితే, దాదాపు 80 వాట్లకి, 6 నిమిషాల్లో ఆరిపోయింది. బ్యాటరీ పాతది. దానికి డేటా పోర్టు కూడా లేదు. మన షాపుల్లో దొరికే 600 వీఏ మోడల్స్ చాలావాటికి యూఎస్‌బీ పోర్టు ఉండదు, డెస్క్‌టాప్ కోసం చేసినవి, పీప్ పీప్ అని అరుస్తాయి, మనిషి వెళ్లి షట్‌డౌన్ చెయ్యాలి. కొనేముందు పెట్టె వెనకవైపు తిప్పి చూడండి. షాపాయన "వీఏ ఎక్కువ తీసుకోండి సార్" అంటాడు, మనం చూడాల్సింది వీఏ కాదు.

నేను పెట్టుకున్న షరతులు:
1. యూఎస్‌బీ డేటా పోర్టు, నట్ అనే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ (యూపీఎస్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) గుర్తించే మోడల్.
2. లైన్ ఇంటరాక్టివ్, అంటే లో వోల్టేజీని బ్యాటరీ ముట్టకుండా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తో పైకి లేపేది.
3. ఎన్ని వోల్టులకి బ్యాటరీ మీదకి వెళ్లాలో మనం మార్చగలగాలి.
4. లోపలి బ్యాటరీ మామూలు 12 వోల్టుల 7 ఏహెచ్ సైజు, భీమవరంలో ఏ బ్యాటరీ షాపులోనైనా దొరికేది.

వాట్ల గురించి షరతే పెట్టలేదు, 88 వాట్ల స్టార్టింగ్‌ని ఏ చిన్న యూపీఎస్ అయినా మోస్తుంది. ఆన్‌లైన్ రకం కూడా చూశా, అది ఎప్పుడూ బ్యాటరీ వైపు నుంచే కరెంటు తయారుచేసి ఇస్తుంది కాబట్టి మారే సమయమే ఉండదు, కానీ ఫ్యాను చప్పుడు, వేడి, ఖరీదు మూడూ ఎక్కువ, ఒక నాస్‌కి అనవసరం.

700 వీఏది తీసుకున్నా, రూ. 4,900. దీని బ్యాటరీ అవుట్‌పుట్ అసలైన సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే వేవ్. కొన్ని అడాప్టర్లకి ఇది పడదు, మా నాస్ అడాప్టర్ కొంచెం జుయ్‌మంది అంతే. మీది పడుతుందో లేదో ప్లగ్గు పీకి చూస్తేనే తెలుస్తుంది, కొన్న వారంలోనే చూడండి, తిరిగి ఇచ్చే గడువు ఉండగా.

మొదటి రాత్రి ఫలితం బాగాలేదు. కింది హద్దు 176 అని ఫ్యాక్టరీలో పెట్టి ఉంది. నట్ లాగ్‌లో ఆ ఒక్క రాత్రే 23 సార్లు బ్యాటరీ మీదకి వెళ్లొచ్చినట్టు ఉంది, పొద్దున్నకి బ్యాటరీ 71 శాతం. ఇందులో అసలు కష్టం ఏంటంటే చిన్న యూపీఎస్‌లో ఛార్జర్ చాలా చిన్నది, బ్యాటరీ నిండటానికి గంటలు పడుతుంది, మా లైన్‌కి కరెంటు ఎక్కువగా పోయేది పొద్దున పూటే, అంటే సరిగ్గా అవసరమైన టైంకి బ్యాటరీ వెలితిగా ఉంటుంది. నట్ ద్వారా ఆ హద్దుని 160కి మార్చా. తర్వాతి రాత్రి 2 సార్లు, పొద్దున్నకి 100 శాతం.

బ్యాటరీ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా. 12 వోల్టులు 7 ఏహెచ్ అంటే 84 వాట్ అవర్లు, 44 వాట్లకి దాదాపు రెండు గంటలు రావాలి అనిపిస్తుంది. రాదు. ఆ 7 అనేది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క, గంటలో పిండేస్తే లెడ్ యాసిడ్ అంత ఇవ్వదు, పైగా యూపీఎస్ తను తినేది ఉంటుంది. కొత్త బ్యాటరీతో నాస్ ఒక్కదానికి యూపీఎస్ 52 నిమిషాలు వస్తుందని చూపించింది, నిజంగా వచ్చింది 40 నిమిషాల 50 సెకన్లు.

ఇప్పటిదాకా: రూ. 7,250.

దశ 5: ఆపడం, మళ్లీ లేపడం

నాస్‌కి యూఎస్‌బీ కలిపి, బ్యాటరీ తక్కువ అన్న సిగ్నల్ రాగానే షట్‌డౌన్ అవ్వమని పెట్టడం అందరూ చేసేదే. దాన్ని కొలిచి చూశా, పనికిరాదు. మా యూపీఎస్ ఆ సిగ్నల్‌ని మిగిలిన సమయం 120 సెకన్లు ఉందనుకున్నప్పుడు ఇస్తుంది. 39 నిమిషాలకి సిగ్నల్ వచ్చింది, 40 నిమిషాల 50కి ఆరిపోయింది. అంటే దొరికింది 1 నిమిషం 50 సెకన్లు. నాస్ పూర్తిగా ఆగడానికి పట్టేది మామూలుగా 2 నిమిషాల 40, డిస్కుల తనిఖీ నడుస్తుంటే 3 నిమిషాల 50. కొత్త బ్యాటరీతోనే ఇది పరిస్థితి. (ఆ పరీక్షలో నాస్‌ని ఆపేసి దాని బదులు అంతే వాట్ల బల్బులు పెట్టా, డిస్కుల మీద ప్రయోగం చెయ్యొద్దు.)

ఇప్పుడున్న పద్ధతి:
1. కరెంటు పోయి 4 నిమిషాలు గడిస్తే నాస్ షట్‌డౌన్ మొదలెడుతుంది, బ్యాటరీ ఎంతున్నా సరే.
2. ఈలోపే మినీ పీసీ నెట్‌వర్క్ మీద నాస్‌లోని నట్‌ని అడుగుతూ, బావకి మెసేజ్ పంపుతుంది.
3. నాస్ ఆగాక యూపీఎస్ మీద ఇంకేం లోడు ఉండదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కరెంటు 9 నిమిషాల్లో తిరిగొచ్చింది, నాస్ లేవలేదు. కరెంటు రాగానే ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ దాంట్లో ఉంది, కానీ యూపీఎస్ అవుట్‌పుట్ ఒక్క క్షణం కూడా ఆగలేదు కదా, నాస్ దృష్టిలో కరెంటు అసలు పోలేదు, పోనిది రావడమేంటి. షట్‌డౌన్ చివర్లో యూపీఎస్‌ని కూడా ఆర్పేసి, లైన్ రాగానే దాన్నే వెలిగేలా చెయ్యడం ఒక దారి, నట్‌లో ఆ ఏర్పాటు ఉంది. మన దగ్గర కరెంటు వచ్చి మళ్లీ పది నిమిషాల్లో పోవడం మామూలు కాబట్టి నాకు ఆ దారి నచ్చలేదు, డిస్కులు లేస్తూ ఉండగానే మళ్లీ పడుకోబెట్టాలి. అందుకని లేపే పని మినీ పీసీకి ఇచ్చా: గోడ ప్లగ్గులో వోల్టేజీ 10 నిమిషాలు నిలకడగా ఉండి, (నాస్ ఆగి ఉంటే దాంట్లోని నట్‌ని అడగలేం కాబట్టి) కరెంటు లేకుండా గడిచిన సమయాన్ని బట్టి వేసిన బ్యాటరీ అంచనా 60 శాతం దాటాక, వేక్ ఆన్ లాన్ ప్యాకెట్ (నెట్‌వర్క్ మీంచి మెషీన్‌ని ఆన్ చేసే సిగ్నల్) పంపి నాస్‌ని లేపుతుంది. అప్పట్నుంచి నాస్ లేవని సందర్భం రాలేదు.

ఖర్చు లేదు.

దశ 6: అలారం గుంపుకి 12 వోల్టులు నేరుగా (జూన్, జూలై)

ఓఎన్‌టీ, రౌటర్, స్విచ్, మినీ పీసీ అన్నీ 12 వోల్టుల డీసీవే. బ్యాటరీలోని డీసీని 230 ఏసీ చేసి, మళ్లీ అడాప్టర్లతో 12 డీసీ చెయ్యడం అంటే రెండుసార్లు నష్టపోవడం. 12.8 వోల్టుల 30 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బీఎంఎస్‌తో (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) సహా రూ. 9,500కి తీసుకున్నా. లెడ్ యాసిడ్ ఎందుకు కాదంటే, రోజూ వాడి నింపే పనికి ఇది వేల సైకిళ్లు వస్తుంది, వేడికి కూడా ఎక్కువ ఓర్చుకుంటుంది. ఇదే బ్యాటరీని యూపీఎస్ పెట్టెలో పెట్టకూడదా అని బావ అడిగాడు. కూడదు బావా, ఆ ఛార్జరూ, కటాఫూ లెడ్ కోసం లెక్కేసినవి, దీని వోల్టేజీ చివరిదాకా 13 దగ్గరే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది, యూపీఎస్ నిండుగా ఉందనుకుంటూనే ఆరిపోతుంది.

ఎదురైన తేడాలు వరసగా:

వోల్టేజీ. ఛార్జ్ అయ్యేటప్పుడు ఈ బ్యాటరీ 14 పైకి పోతుంది, రౌటర్‌కి 12 మాత్రమే రాసి ఉంది. మధ్యలో 12 వోల్టుల బక్ బూస్ట్ కన్వర్టర్ పెట్టా, లోపలికి 10 వచ్చినా 14.6 వచ్చినా బయటికి 12 ఇస్తుంది. రూ. 1,400.

వైరు. కన్వర్టర్ నుంచి మినీ పీసీ దాకా 3 మీటర్లు, చేతికి దొరికిన 0.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు లాగాం. అన్నీ ఒకేసారి ఆన్ అయ్యేటప్పుడు 3.5 ఆంపియర్లు, అవతలి చివర 11.3 వోల్టులు, మినీ పీసీ బూట్ అవుతూ అవుతూ మళ్లీ మొదటికొస్తోంది. ఏసీలో ఇంత చిన్న లోడుకి వైరు మందం ఎవరూ పట్టించుకోరు, 12 వోల్టుల్లో ముప్పావు వోల్టు పోతే చాలా ఎక్కువ. ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు వేశాక అదే చోట 11.85.

ఛార్జింగ్. మొదట మామూలు 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్‌ని (ఏసీని డీసీ చేసే పవర్ సప్లై) 13.8కి తిప్పి కలిపాం. నిండిన బ్యాటరీతో బాగానే ఉంది. పూర్తిగా దించి కరెంటు ఇస్తే ఎస్ఎంపీఎస్ లైటు వెలిగి ఆరి వెలిగి ఆరి, టక్ టక్ అంటోంది. ఖాళీ బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాగుతుంది, ఎస్ఎంపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని ఆగి మళ్లీ మొదలెడుతుంది, ఛార్జ్ మాత్రం ఎక్కదు. రూ. 650 పోయినట్టే. ఎన్ని ఆంపియర్లు ఇవ్వాలో హద్దు పెట్టుకోగల ఛార్జర్ రూ. 1,900కి తెచ్చి 8 ఆంపియర్లు, 14.0 వోల్టులకి సెట్ చేశా. లోడుకి 3 పోను బ్యాటరీకి 5 దాకా వెళ్తుంది, ఖాళీ నుంచి నిండటానికి ఆరున్నర గంటలు.

ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు. ఇది తర్వాత పెడదాంలే అనుకునేది కాదు, ఈ బ్యాటరీ షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలుతుంది. వైర్లు, లగ్గులు, ఫ్యూజు హోల్డరు, బ్రిడ్జ్‌కి 24 వోల్టుల చిన్న స్టెప్ అప్ మాడ్యూల్ కలిపి రూ. 700.

అడాప్టర్లు పోవడంతో 39 వాట్లు కాస్తా 36 అయ్యింది. లెక్కకి పదిన్నర గంటలు, వచ్చింది 9 గంటల 50 నిమిషాలు.

కానీ మూడో గంట లోపే ఇంటర్నెట్ పోయింది. ఫైబర్ మన ఇంటిదాకా వచ్చినా, కేబుల్ ఆపరేటర్ జంక్షన్ పెట్టెలో నెట్‌వర్క్ స్విచ్ ఉంది, దాని బ్యాటరీ అయిపోతే మన రౌటర్ ఎంతసేపు వెలిగినా లాభం లేదు. ఇంట్లో పడున్న 4జీ డాంగిల్ మినీ పీసీకి పెట్టి, ఫైబర్ పోతే మెసేజ్ అటునుంచి వెళ్లేలా చేశా. మీరు రౌటర్‌కి పెద్ద బ్యాటరీ కొనేముందు కరెంటు పోయినప్పుడు మీ ఆపరేటర్ ఎంతసేపు నిలబడతాడో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి.

ఈ దశ రూ. 14,150. ఇప్పటిదాకా: రూ. 21,400.

దశ 7: వేడి, నీళ్లు, తుఫాను

యూపీఎస్ మొదట ఉన్నది మేడ మీద గదిలో, చెక్క బీరువాలో. మే మధ్యాహ్నం లోపలి బ్యాటరీ ఒంటి మీద 44 డిగ్రీలు. సీల్డ్ లెడ్ యాసిడ్‌కి 25 డిగ్రీలు లెక్క, ప్రతి 10 డిగ్రీలకి ఆయుష్షు సగం అవుతుందని బ్యాటరీ వాళ్ల మామూలు సూత్రం. అంటే నాలుగేళ్లు రావాల్సింది ఏడాదికి పోతుంది, పోయిన సంగతి కూడా కరెంటు పోయేదాకా తెలియదు. అన్నీ కింద ఉత్తరం గోడకి దించి, ఇనప యాంగిల్‌తో అర చేయించా, నేలకి మూడున్నర అడుగుల ఎత్తున, ఎందుకంటే పెద్ద వానకి డ్రెయిన్ పొంగితే మా వరండాలోకి నీళ్లొస్తాయి. కింద 33 డిగ్రీలు. ఆ అర ఖర్చు రూ. 600.

తుఫాను హెచ్చరిక వస్తే గాలి మొదలవ్వగానే ముందు జాగ్రత్తగా లైన్లు ఆపేస్తారు, రావడానికి ఎన్ని రోజులైనా పట్టొచ్చు. 2018 డిసెంబర్ 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది, అలాంటివి మళ్లీ వస్తాయి. అప్పుడు ఏ బ్యాటరీ లెక్కా పనికిరాదు కాబట్టి ఈ పద్ధతి గోడకి రాసి అంటించా, నేను ఊళ్లో లేకపోయినా నాన్న చెయ్యగలిగేలా:
1. నాస్ బటన్ నొక్కి ఆపాలి, లైట్లు అన్నీ ఆరేదాకా ఆగాలి.
2. నాస్ అడాప్టర్, యూపీఎస్ ప్లగ్గు రెండూ పీకాలి. యూపీఎస్ బటన్ కూడా ఆర్పాలి, లేకపోతే లోపలి బ్యాటరీ పూర్తిగా దిగి పాడవుతుంది.
3. మినీ పీసీ గుంపు అలాగే ఉంచాలి. జనరేటర్ వేసినప్పుడు ఛార్జర్ దానికి పెట్టాలి.

మొత్తం ఖర్చు: రూ. 22,000.

నవంబర్ ఎంట్రీ

బల్బులతో మళ్లీ పరీక్ష: యూపీఎస్ 40 నిమిషాల 50 నుంచి 38 నిమిషాల 20కి తగ్గింది. లిథియంది 9 గంటల 45. కొన్న తేదీ, ఈ అంకెలు బ్యాటరీల మీదే మార్కర్‌తో రాసి పెట్టా. నాస్ లోపలి ఎన్‌వీఎంఈ (చిప్ రకం డిస్కు) లాగ్‌లో అన్‌సేఫ్ షట్‌డౌన్ల (చెప్పకుండా కరెంటు పోయిన సార్ల) అంకె ఏప్రిల్లో 31 ఉండేది, ఇప్పుడు 33, ఆ రెండూ ఇన్వర్టర్ పరీక్షలప్పటివే. మీ నాస్‌లో ఎన్‌వీఎంఈ ఉంటే ఈ అంకె దాంట్లో కూడా ఉంటుంది, ఏ యూపీఎస్ కొనాలని అడిగేముందు అది చూసి రాసిపెట్టుకోండి.

యూపీఎస్ టైం 20 నిమిషాల లోపుకి వస్తే బ్యాటరీ మార్చేస్తా. 4 నిమిషాల ఆగడం, 4 నిమిషాల షట్‌డౌన్, అలా రెండుసార్లు వెంటవెంటనే కరెంటు పోయినా సరిపోవాలన్నది ఆ 20 లెక్క. పాతది షాపులో మార్పిడికి ఇస్తే సీసం తూకానికి కొంత తగ్గిస్తారు, చెత్తలో పడెయ్యొద్దు. బావ ఇప్పుడు రెండో చెరువు గట్టు మీద కూడా కరెంటు సెన్సర్ పెట్టమంటున్నాడు, దానికి ఇంకో 3 వాట్లు, అంటే 9 గంటల 45 కాస్తా 9 గంటలకి వస్తుంది, పెట్టొచ్చు.